లోపలికి తిరిగిన రాయి

పాదిరి నతానియేలు అయ్యగారిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు కంటే ముందు పని దొరికేది. ప్రార్థన ఎంతసేపు చెయ్యాలని అడిగిన ఒక సంఘపెద్దను ఆయన పొదుగుతున్న కోడి పక్కన కూర్చోబెట్టి, దాన్ని చూస్తూ ఉండమని చెప్పి తాను సంతకు వెళ్ళిపోయారు. మంచివాళ్ళకే కష్టాలు ఎందుకొస్తాయని అడిగిన టీచరమ్మ చేత గుడి కిటికీ అద్దాలన్నీ తుడిపించారు. ఏం అర్థమైందని అడిగితే ఆ పెద్దా, ఆ టీచరమ్మా నవ్వి ఊరుకునేవారు. అయ్యగారిని ప్రశ్న అడగాలనుకునేవాళ్ళు పాతబట్టలు కట్టుకుని వెళ్ళాలని పెదమెరక ఊళ్ళో ఒక వేళాకోళం కూడా పుట్టింది.

ఆ వేళాకోళం సంగతి ఫిలేమోనుకు తెలియదు. అతను ఆ ఏడే క్రైస్తవ వేదపాఠశాలలో చదువు ముగించుకుని, అయ్యగారి దగ్గర పని నేర్చుకోమని పంపితే వచ్చాడు. మంచి గొంతు, ఇస్త్రీ చొక్కాలు, బైబిల్లో ఏ మూల అడిగినా తడుముకోని జ్ఞాపకశక్తి అతని ఆస్తి. చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠత వాక్యాల పోటీ పెడితే మొదటి బహుమతి ఎవరిదో ముందే తెలిసిపోయేది. వాళ్ళమ్మ వంటింట్లో ఉన్న స్టీలు గిన్నెల్లో సగం కొడుకు నోటితో సంపాదించినవే. అతను కడుపున పడకముందే ఆ తల్లి, బిడ్డ పుడితే దేవుడి పనికి ఇస్తానని మొక్కుకుంది. అందువల్ల ఫిలేమోను ఏం కావాలన్న విషయంలో ఫిలేమోనుతో సహా ఎవరికీ ఎప్పుడూ సందేహం రాలేదు.

ఇప్పుడు వచ్చింది. వేదిక ఎక్కితే నోరు తన పని తాను చేసుకుపోయేది. జనం ఆమెన్ అనేవారు, ముసలమ్మలు కొంగుతో కళ్ళొత్తుకునేవారు. అతని లోపల మాత్రం ఏమీ కదిలేది కాదు. తాను వండినదాన్ని తానే రుచి చూడలేని వంటవాడిలా తయారయ్యానని అతనికి భయం పట్టుకుంది. ఎరువుల కొట్టున్న మేనమామ ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. శనివారం ఏసురత్నం గారి కొత్తింటి ప్రార్థనలో వాక్యం చెప్పే పని అయ్యగారు అతనికి అప్పజెప్పారు. ఆ రోజు కూడా లోపల ఇలాగే ఉంటే సోమవారం బస్సెక్కి మేనమామ దగ్గరికి వెళ్ళిపోవాలనీ, అమ్మకు ఏదో ఒకటి చెప్పుకోవచ్చుననీ అతను గట్టిగా నిశ్చయించుకున్నాడు. నిశ్చయమైతే చేసుకున్నాడు కానీ, అమ్మ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సహించడం లేదు.

శుక్రవారం పొద్దున అయ్యగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, ఇక ఆగలేక అడిగేశాడు.

"అయ్యగారూ, పాత వాక్యంలో కొత్త అర్థం ఎట్లా కనపడుతుందండీ? నాకన్నీ అరిగిపోయినట్టున్నాయి. రేపు చెప్పాల్సిన వాక్యం నాకు ఐదో ఏట నుంచీ నోటికొచ్చు. చదువుతుంటే మా ఇంటి అడ్రసు చదువుకుంటున్నట్టుంది."

"మరి ఏం చేశావు?"

"మూడు భాగాలుగా రాసుకున్నానండీ. మొదటిది కుర్రవాళ్ళకి. రెండోది తల్లిదండ్రులకి. మూడోది గుడికి రావడం మానేసినవాళ్ళకి. కాస్త గట్టిగానే తగులుతుంది."

అయ్యగారు ఒక చిక్కుడుకాయను అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ" అన్నారు. ఆ తర్వాత ఇంకేదో అనేవారేమో కానీ, అంతలో ఫోను మోగింది. అవతల ఏసురత్నం భార్య డోర్కమ్మ. ఆమె ఏం చెబుతోందో ఫిలేమోనుకు వినపడలేదు. వెనకనుంచి ఒక మగగొంతు వేస్తున్న కేకలు మాత్రం ఫోనులోంచి వరండా అంతా నిండాయి. అయ్యగారు ఫోను పెట్టేసి, చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి లేచారు.

"పద, ఏసురత్నం గారింట్లో రాయి తిరగబడిందట" అన్నారు.

ఆ రాయి సంగతి చెప్పాలంటే ఏసురత్నం సంగతి కొంచెం చెప్పాలి. ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు. మనిషి మంచివాడే. అయితే జీవితమంతా ఎదురొచ్చే బండ్ల మీద హారన్ కొట్టి కొట్టి, ఇంట్లో కూడా అదే గొంతు స్థిరపడిపోయింది. అమ్మానాన్నల పాత పెంకుటిల్లు పడగొట్టి అదే స్థలంలో డాబా కట్టుకున్నాడు. వీధికి అవతల, సరిగ్గా ఎదురుగా తమ్ముడు ఆశీర్వాదం ఇల్లు. పునాదులు తీసినప్పుడు, మెట్లు వీధిలోకి జరిగి వస్తున్నాయని తమ్ముడు పనివాళ్ళ ముందే అన్నాడు. నా మెట్ల సంగతి నీకెందుకని అన్న అన్నాడు. మాటకు మాట పెరిగి, చివరికి మాటలే లేకుండా పోయాయి. అన్న ముందు వరసలో కూర్చునే గుడికి రానని ఆశీర్వాదం భీష్మించుకున్నాడు. పెదమెరక గుడిలో డోలకు వాయించేది ఆశీర్వాదమే. అతను మానేసినప్పటినుంచి ఆ డోలకు గుడ్డ కప్పుకుని గోడ మేకుకు వేలాడుతోంది, పాటలు తాళం లేక ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి.

ఆ పక్క క్రైస్తవుల ఇళ్ళలో గుమ్మం మీద ఒక వాక్యం రాయించుకోవడం ఆనవాయితీ. కొందరు రంగుతో రాయిస్తారు, కొందరు టైల్స్ మీద అచ్చు వేయిస్తారు. ఏసురత్నం నల్ల గ్రానైటు పలక మీద చెక్కించి బంగారు రంగు నింపించాడు. వాక్యం అందరికీ తెలిసిందే, బైబిల్లో యెహోషువ అనే నాయకుడు ముసలితనంలో జనాన్ని నిలబెట్టి అన్న మాట: "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." మీ దారి మీరు తేల్చుకోండి, మేం మాత్రం ఇదీ అని దాని ముందు వెనకల సారాంశం. అక్షరాలు ఎంతెంత ఉండాలని చెక్కేవాడు అడిగితే, వీధికి అవతల అరుగు మీద కూర్చున్నవాడు కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత అన్నాడట. అవతల అరుగు మీద ఎవరు కూర్చుంటారో ఊరందరికీ తెలుసు. దేవుడి మాట పట్టుకుని తమ్ముణ్ణి కొడుతున్నాడని డోర్కమ్మ ఒకసారి అంటే, ఏసురత్నం అన్నం తినకుండా లేచిపోయాడు.

ఆ పలకను ద్వారబంధం పైన, గాలి కోసం వదిలిన సందులో బిగించారు. అంటే ఒక ముఖం వీధికి, ఒక ముఖం హాల్లోకి. సిమెంటు చింది బంగారు రంగు పాడవుతుందని, బిగించకముందే ఏసురత్నమే పలకకు రెండు పక్కలా గోనెపట్టా కప్పి కట్టించాడు. ప్రార్థన రోజున జనం మధ్య తన చేత్తో విప్పుతాననీ, అప్పటిదాకా ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోననీ మేస్త్రి పోలయ్యకు మరీ మరీ చెప్పాడు. పోలయ్య మాట మీద నిలబడే మనిషి. ముట్టుకోలేదు, విప్పలేదు, ఏ పక్క అక్షరాలున్నాయో చూడనూ లేదు. శుక్రవారం పొద్దున ఆత్రం ఆపుకోలేక ఏసురత్నమే వీధి పక్క గోనె అంచు పైకెత్తాడు. నున్నటి నల్లరాయి, అక్షరం ముక్క లేదు.

అయ్యగారూ ఫిలేమోనూ వెళ్ళేసరికి గోనె రెండు పక్కలా ఊడదీసి ఉంది. ఏసురత్నం వీధిలో నిలబడి కేకలేస్తున్నాడు. పోలయ్య మెట్ల మీద కూర్చుని తల గోక్కుంటున్నాడు. ఎదురింటి అరుగు మీద ఆశీర్వాదం బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పేపరు చాలాసేపటినుంచి ఒకే పేజీ దగ్గర ఆగిపోయిందని ఫిలేమోను గమనించాడు.

"చూశారా అయ్యగారూ, ఈయన చేసిన నిర్వాకం! ఊరంతా చూడాలని చెక్కిస్తే ఇంట్లోకి తిప్పి పెట్టాడు!"

"విప్పొద్దన్నది మీరే కదండీ" అన్నాడు పోలయ్య. "ఇప్పుడు పీకమంటే పీకుతా. కానీ బిగిసిపోయింది. కదిపితే పగులుద్ది, మళ్ళీ నన్ను అనొద్దు."

అయ్యగారు లోపలికి వెళ్ళి, హాలు మధ్య నిలబడి వెనక్కి తిరిగి పైకి చూశారు. నల్లరాయి మీద బంగారు అక్షరాలు కిటికీ వెలుతురుకు ధగధగలాడుతున్నాయి. ఆయన ముందు చిన్నగా నవ్వారు. తర్వాత పెద్దగా నవ్వారు. ఆ తర్వాత గోడకు చెయ్యి ఆనించి మరీ నవ్వారు. ఆ వయసులో ఒక పాదిరి అంత గట్టిగా నవ్వవచ్చునా అని ఫిలేమోనుకు ఇబ్బందిగా అనిపించింది. డోర్కమ్మకు మాత్రం పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న నవ్వు అప్పుడే బయటికొచ్చింది.

"అయ్యగారూ, మీరు కూడానా!" అన్నాడు ఏసురత్నం ఏడుపు ముఖంతో.

"ఏం చెయ్యాలో తర్వాత చూద్దాం" అన్నారు అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మా డోర్కమ్మా, వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది. ఈ అబ్బాయికి కొన్నాళ్ళుగా అన్నం సహించడం లేదు. ముందు మాకు పెట్టు."

ఫిలేమోను ఉలిక్కిపడ్డాడు. తనకు అన్నం సహించని సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

కొత్త నేల మీద చాపలు పరిచారు. గుమ్మానికి ఎదురుగా గోడకు ఆనుకుని అయ్యగారు కూర్చుని, ఒక పక్క ఫిలేమోనును, ఇంకో పక్క ఏసురత్నాన్ని కూర్చోబెట్టుకున్నారు. పోలయ్య చేతులు కడుక్కుని కొంచెం ఎడంగా చతికిలబడ్డాడు. అన్నం కలుపుతూ ఏసురత్నం తలెత్తితే ఎదురుగా రాయి. ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తితే రాయి. పక్కకు తిరిగి కూర్చున్నాడు. అలా కూర్చుంటే పులుసుగిన్నె అందలేదు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఇదేంది అయ్యగారూ, తింటుంటే పైనుంచి చూస్తన్నట్టుంది" అన్నాడు చివరికి.

"వీధిలోవాళ్ళు చదవాలని పెట్టించారు. మీరు చదివితే అరిగిపోద్దా?" అంది డోర్కమ్మ పులుసు వడ్డిస్తూ. "అయినా నాకు తెలవక అడుగుతా. నా యింటివారును అని అంత అందంగా చెక్కించారు గదా, ఇంటివారంటే ఎవరెవరో చెప్పండి. రేపు ఎవరైనా అడిగితే నేను చెప్పాలిగా."

"ఎవరేంది? నేనూ, నువ్వూ, పెద్దోడూ, కోడలూ, పాపా..."

"ఆపారేం?"

"అయిపోయారు."

"అయిపోయారా?" డోర్కమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. ఇంతసేపూ ఉన్న వేళాకోళం ఆమె గొంతులోంచి పోయింది. "నేను కాపరానికొచ్చినప్పుడు ఇదే చోట, ఇదిగో ఈ గోడ ఉన్నచోటే, అత్తమ్మ ఒక్క కంచంలో కలిపి పెడితే ఇద్దరు మగపిల్లలు పోట్లాడుకుంటా తినేవాళ్ళు. మీసాలొచ్చాక కూడా ఒక్క కంచమే. నేను చూసి నవ్వితే, నువ్వు నవ్వమాక అమ్మాయ్, నా ఇంటి బలం ఇదే అనేది ఆమె."

ఏసురత్నం చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఫిలేమోను అయ్యగారి వైపు చూశాడు. ఇలాంటి చోట చెప్పడానికి అతని దగ్గర తక్కువలో తక్కువ పది వాక్యాలున్నాయి, సహోదరుల ఐక్యత మీద, క్షమాపణ మీద, పొద్దు గుంకేలోపు కోపం విడిచిపెట్టడం మీద. నోరు తెరవబోయాడు. అయ్యగారు అతని కంచంలో చేపముక్క వేసి, "ముళ్ళున్నాయి, చూసుకుని తిను" అన్నారు.

కాసేపటికి ఏసురత్నం చెయ్యి కడుక్కోకుండానే లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. హాల్లో కూర్చున్నవాళ్ళకు అతని వీపూ, అతని తల మీద ఆ బంగారు అక్షరాలూ కనబడుతున్నాయి. ఒక కాలు గడప దాటించాడు. మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి బస్సును ఎన్నో ఇరుకు సందుల్లోంచి నడిపిన మనిషికి, ఆ చిన్న వీధి దాటడం చేతకాలేదు. చివరికి ఉన్నచోటే నిలబడి, అలవాటైన ఆ హారన్ గొంతుతో అరిచాడు.

"ఒరే ఆశీర్వాదం! ఆడ కూర్చుంటే ఈ రాయి కనపడతందా?"

పేపరు మెల్లగా కిందికి దిగింది.

"రాయి కనపడతంది. అక్షరాలే లేవు."

"లోపలున్నయ్."

"లోపలెందుకు పెట్టిచ్చావ్?"

"నేను పెట్టిచ్చలా. అట్టా కుదిరింది."

"మరి నేనెట్టా చదవాలి?"

ఏసురత్నం గొంతు ఒక్కసారిగా సగానికి తగ్గింది. అతనికి అంత చిన్న గొంతు ఉందని అతని భార్యకు కూడా అప్పుడే తెలిసింది.

"లోపలికొచ్చి చదువు" అన్నాడు.

ఆశీర్వాదం పేపరు మడిచి అరుగు మీద పెట్టాడు. లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఏసురత్నం భుజాలు వాలిపోయాయి. డోర్కమ్మ మాత్రం అటే చూస్తూ, "చొక్కా కోసం వెళ్ళాడు. అన్న ఇంటికి బనీనుతో వస్తాడా ఎక్కడన్నా?" అంది. ఆమె అన్నట్టే, గుండీలు పెట్టుకుంటూ అతను బయటికొచ్చి వీధి దాటాడు. మెట్ల దగ్గర ఆగాడు. ఆ మెట్ల మీదే కదా అంత గొడవ జరిగింది. వాటిని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, ఇంకేమీ అనకుండా ఎక్కి లోపలికొచ్చాడు. వచ్చాక వెనక్కి తిరిగి అన్న పక్కన నిలబడి, తల పైకెత్తి, చదువు అంతంతమాత్రమే అయినవాడు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివాడు. యెహోవాను సేవించెదము అన్నదాకా చదివి, తల దించకుండానే అన్నాడు.

"ఈ రాయి నా కోసమే చెక్కిచ్చావని ఊళ్ళో అంతా అంటన్నారు."

కాదని ఏసురత్నం అనవచ్చు. అయ్యగారు ఉన్నారు, పరాయివాడు పోలయ్య ఉన్నాడు, పరువు ఉంది. అతను తల దించుకున్నాడు.

"నీ కోసమేరా" అన్నాడు. ఆ వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుని, పులుసుచెయ్యి అన్న సంగతి మరిచిపోయి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద ఎర్రటి పులుసు మరక పడింది. "అన్నం తిన్నావా?"

"తిన్లా."

డోర్కమ్మ కంచం తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళినామె ఎంతకీ రాకపోతే ఏమైందా అని అయ్యగారు చూశారు. ఆమె గూట్లో ఉన్న స్టీలు కంచాలన్నీ వదిలేసి, అటకమీదున్న అత్తగారి పెద్ద ఇత్తడి కంచం కోసం స్టూలెక్కి వెతుకుతోంది. అది దొరికింది, చింతపండు పెట్టి తోమింది, తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. పోలయ్య ఇదంతా చూసి, "అయితే రాయి పీకమంటారా, ఉంచమంటారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు అన్నదమ్ములిద్దరూ నోట్లో ముద్దలతోనే అతని మీద ఒకేసారి కేకలేశారు. హాలంతా నవ్వులతో నిండిపోయింది. ఫిలేమోను కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చూసుకుంటే తన కంచం ఎప్పుడో ఖాళీ అయింది.

తిరిగి వస్తూ దారిలో అయ్యగారు ఏదో ఒకటి చెబుతారని అతను ఎదురుచూశాడు. ఆయన చేప ఏ చెరువులోదై ఉంటుందా అన్న చర్చతో దారంతా గడిపేశారు.

మర్నాడు కొత్తింట్లో జనం కిక్కిరిసిపోయారు. హాల్లో చాపలు చాలక కొందరు కిటికీల బయట నిలబడ్డారు. గుమ్మం దగ్గర వేసి ఉన్న ప్రసంగం బల్లను అయ్యగారు వచ్చీ రాగానే తీయించి, హాలు అవతలి గోడ దగ్గర వేయించారు. దాంతో జనమంతా గుమ్మానికి వీపు పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. వాక్యం చెప్పేవాడు ఒక్కడే గుమ్మానికి ఎదురుగా నిలబడ్డాడు. ముందు వరసలో అన్నదమ్ములు ఆనుకుని కూర్చున్నారు. ఆశీర్వాదం ఒళ్ళో, గుడి నుంచి తెప్పించి గుడ్డ విప్పిన డోలకు ఉంది.

ఫిలేమోను బైబిలు తెరిచి, మడత పెట్టిన కాగితం విప్పాడు. మొదటి భాగం కుర్రవాళ్ళకి. తలెత్తాడు. ఎదురుగా, అందరి తలల మీదుగా, బంగారు అక్షరాలు అతన్నే చూస్తున్నాయి. మళ్ళీ కాగితంలోకి చూశాడు. మూడో భాగం, గుడికి రావడం మానేసినవాళ్ళకి, కాస్త గట్టిగా తగిలేది. ఆ మాటలు ఎవర్ని తలుచుకుని రాశాడో ఆ మనిషి ఎదురుగా కూర్చుని, అన్న భుజానికి ఆనుకుని, ఇతను ఎప్పుడు ముగిస్తాడా, తాను ఎప్పుడు వాయించాలా అని వేళ్ళు ఆడిస్తున్నాడు. కాగితం ఇక అక్కరకు రాదని ఫిలేమోనుకు అర్థమైంది. ఇంకోసారి తలెత్తాడు. ఐదో ఏట నుంచీ నోటికొచ్చిన వాక్యం అక్కడుంది. అయితే అతను దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవలేకపోయాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

జనం ఎదురుచూస్తున్నారు. ఎవరో దగ్గారు. కుర్రాయనకు మాట పడిపోయిందేమోనని డోర్కమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

"ఈ వాక్యం" అన్నాడతను ఎట్టకేలకు, "నేను చాలామందికి చెప్పాను. బహుమతులు కూడా తీసుకున్నాను. నేను పుట్టకముందే మా అమ్మ నన్ను దేవుడికి ఇచ్చింది. ఇచ్చింది కదా అని నేను ఊరుకున్నాను. నా తరఫున ఆవిడే అనేసింది, నేను అననే లేదు." కాగితం మడిచి జేబులో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అంతమంది ముందు ఏడవడం సిగ్గుగానే ఉంది, అయినా లోపల గడ్డకట్టినదేదో కరిగి పరిగెడుతున్నట్టుగా, చెప్పలేనంత సంతోషంగా ఉంది. "ఇవాళ మీ ఇంట్లో, మీ అందరి ఎదుట, నా నోటితో నేను అంటున్నాను. నేనును..." అన్నాడు. తర్వాతి మాటలు పెగల్లేదు. అలాగే కూర్చుండిపోయాడు.

పెదమెరకలో అంత చిన్న ప్రసంగం అంతకు ముందు ఎవరూ వినలేదు. ఆమెన్ అనాలో వద్దో తెలియక జనం ముఖాలు చూసుకున్నారు. ఆ తెరిపిలో ఆశీర్వాదం చెయ్యి డోలకు మీద పడింది. మొదట మెత్తగా, ఆ తర్వాత హుషారుగా. తమ్ముడి తాళానికి ముందు ఏసురత్నం గొంతెత్తాడు, ఆ వెనక డోర్కమ్మ, ఆ వెనక హాలంతా. ఇన్నాళ్ళూ ఈడ్చుకుంటూ నడిచిన పాట ఆ పూట పరుగందుకుంది. కిటికీల బయట నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రాతను చదవాలని ఎదురుచూస్తున్న వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి లోపలికొచ్చారు, వచ్చి వెనక్కి తిరిగి తలలెత్తి చదువుకున్నారు, చదివినవాళ్ళను డోర్కమ్మ భోజనం చెయ్యనిదే పంపలేదు.

బంతులు ముగిసి, అరిటాకులు ఎత్తుతున్న వేళ ఫిలేమోను వరండాలో ఉన్న అయ్యగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సోమవారం బస్సు మాట అతను ఎవరికీ చెప్పలేదు గనక, ఎక్కడం లేదన్న మాట కూడా ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ముఖం తేటగా ఉంది. ఆ తేటదనం మీద చిన్న దిగులొకటి అప్పుడే వచ్చి వాలింది.

"అయ్యగారూ, ఇవాళంటే దేవుడి దయవల్ల గట్టెక్కాను. రేపు ఆదివారం గుడిలో మళ్ళీ నేనేగా. రేపటి వాక్యం దీనికంటే పాతది. పసిపిల్లలకు కూడా వచ్చు. అంతమంది కూర్చుంటారు. వాళ్ళకు ఏం చెప్పమంటారు?"

అయ్యగారు నోట్లో వక్కపలుకు వేసుకుని, అతని వైపు చాలా ప్రేమగా చూశారు.

"ఎవరికీ ఏమీ చెప్పకు నాయనా" అన్నారు. "నువ్వు విను. మేం పక్కన కూర్చుని వింటాం."